ఆలన్ ట్యూరింగు మహాశయుని జీవితము

గడచిన విద్యాసంవత్సరమున ఒక శనివారమునాడు మన పాఠశాలలోని కంప్యూటరు గదిలో జరిగిన చిన్న సంగతి యీ వ్యాసమునకు కారణమైనది. తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు ఒక పాత యాటను మా యనుమతితో తెరపైకి దెచ్చిరి. అది సుమారు నలువది సంవత్సరములకు పూర్వము పాశ్చాత్యదేశములలో యంత్రమున నాణెము వేసి యాడుచుండిన ఆట. దాని హక్కుదారులు దానిని ఉచితముగా నాడుకొనుటకు సమ్మతించియున్నారు. ఒక విద్యార్థి తండ్రిగారు ఒంగోలునుండి కొని తెచ్చియిచ్చిన జాయ్‌స్టిక్కును కంప్యూటరునకు తగిలించిరి. ఆట కంటికి కనబడెను గాని చేతికి లొంగలేదు. కఱ్ఱను ముందునకు నెట్టిన బొమ్మ కదలదు. బొత్తామును నొక్కిన నేమియు జరుగదు. యంత్రము చెడినదని బాలురనిరి. మేమును మొదట అట్లే తలచి తీగను రెండుమారులు ఊడదీసి మరల పెట్టితిమి. పుట్టుకనుండియు కుడిచేతి వ్రేళ్లు సరిగా వంగని బాలుడొకడు ఈ సందడిలో చేరక గోడ ప్రక్కన నిలిచి చూచుచుండెను.

యంత్రము చెడలేదు. లోపము మా తెలియమియందే యుండెను. ఒక యంత్రమును మరియొక యంత్రముచే అనుకరింపజేయు ప్రోగ్రామును ఎమ్యులేటరు అందురు. ఆ పాత యంత్రమునకు నాణెము పడు రంధ్రమును, ఆట ప్రారంభించు బొత్తామును, నాలుగు దిక్కులకు వంగు కఱ్ఱయు ఉండెడివి. నేటి కంప్యూటరునకు నాణెపు రంధ్రము లేదు. కావున పాత యంత్ర మడుగు ప్రతి చేష్టకును మన చేతి క్రిందనున్న ఏ మీట ప్రతినిధి యగునో పట్టికగా వ్రాసి ముందుగా తెలుపవలెను. దీనినే కీ మ్యాపింగు అందురు. 1997 సం॥న వెలువడిన ‘మేమ్’ అను ప్రసిద్ధమైన ఎమ్యులేటరునందు 5 అను అంకెమీట నాణెమునకును, 1 అను అంకెమీట ఆట ప్రారంభమునకును, బాణపు గుర్తుల మీటలు నాలుగు దిక్కులకును, ఎడమవైపు కంట్రోలు మీట మొదటి బొత్తామునకును ఆదియందే నియమింపబడినవి. ట్యాబు మీటను నొక్కి ఆ పట్టికను తెరపైకి రప్పించి మన యిష్టానుసారము మార్చుకొనవచ్చును. మేము నల్లబల్లపై నిలువుగీత గీచి, ఎడమవైపున పాత యంత్ర మడుగునదియు, కుడివైపున మన కున్నదియు వ్రాయించి, వరుసగా నియమింపజేసితిమి. అరగంటలో బొమ్మ చెప్పినట్లు నడచెను.

జాయ్‌స్టిక్కు లోపల నున్న పరికరము మిక్కిలి స్వల్పమైనది. 1977 సం॥న అమెరికాలో అటారీ సంస్థవారు విక్రయింప నారంభించిన ఆటపెట్టె జాయ్‌స్టిక్కులో అయిదు స్విచ్చులు మాత్రమే యుండెను. దిక్కున కొకటి చొప్పున నాలుగును, కాల్చుటకు ఒకటియు. కఱ్ఱ మూలగా వంగినప్పుడు రెండు స్విచ్చులు ఒక్కసారి పని చేయును. నేటి జాయ్‌స్టిక్కులలో పెక్కింటియందు స్విచ్చులకు మారుగా వంపును కొలుచు సాధనములు కలవు. అవి అరిగిన పిమ్మట చేయి తీసినను కఱ్ఱ కొంచెము వంగియున్నట్లే తెలుపును. అప్పుడు బొమ్మ తనంత తానే ప్రక్కకు జరుగుచుండును. నడిమి కొంత మేరను లెక్కింపవలదని ఎమ్యులేటరునకు తెలిపిన ఈ దోషము పోవును. కీబోర్డుతో నాడువారికి వేఱొక చిక్కు కలదు. తక్కువ వెల కీబోర్డులలో కొన్ని, మూడు మీటలను ఒక్కమారు నొక్కినచో మూడవదానిని గుర్తింపవు. అప్పుడు మీట చెడినదని నిందింపక, పట్టికలో మరియొక మీటను నియమించి చూడవలెను.

ఆట సాగుచుండగా ఒక బాలిక మమ్మొక ప్రశ్న యడిగెను. లెక్కలకును ఉత్తరములకును మనము వాడు నీ యంత్రము, తానెన్నడును చూడని వేఱొక యంత్రముగా నెట్లు మారినదని యామె సందేహము. ఆ ప్రశ్నకు సమాధానము ఒక మనుష్యుని జీవితమందున్నది. దానినే మా తోచినంత మేరకు ఇచట వ్రాయుచున్నాము.

ఆలన్ మాథిసన్ ట్యూరింగు 1912 సం॥ జూన్ 23వ తేదీన లండను నగరమున జన్మించెను. ఈయన కుటుంబమునకు మన దేశముతో గాఢమైన సంబంధము కలదు. తండ్రి జూలియస్ ట్యూరింగు ఇండియను సివిలు సర్వీసున చేరి మద్రాసు రాజధానియందు ఉద్యోగము చేసెను. వివాహానంతరము ఆయన పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు అను తెలుగు పట్టణములలో భార్యతో కాపురముండి, 1911 సం॥న గంజాము జిల్లాలోని ఛత్రపురమునకు చేరెను. తల్లి ఈతెల్ సారా స్టోనీ దక్షిణదేశమున పోదనూరులోనే పుట్టినది. ఆమె తండ్రి మద్రాసు రైల్వేయందు ముఖ్య ఇంజనీరు. ఈ దంపతులు బిడ్డల ఆరోగ్యమును తలచి వారిని ఇంగ్లండునందే యొక విశ్రాంత సైనికోద్యోగి కుటుంబమువారి కప్పగించి తాము ఇచ్చటికి వచ్చుచుండిరి. అందుచే ఆలన్ బాల్యమున చాలభాగము తల్లిదండ్రులు సముద్రముల కావల నుండగనే గడచెను. వసతిగృహములందుండి చదువు మన బాలబాలికలకు ఆ లోటు కొంత తెలిసియే యుండును.

1926 సం॥న, తన పదుమూడవ యేట, ఆయన షెర్‌బర్న్ అను పాఠశాలలో చేరవలసి యుండెను. చేరవలసిన దినముననే దేశమంతటను సమ్మె జరిగి రైళ్లు నిలిచిపోయెను. బాలుడు వెనుకకు పోక, సౌతాంప్టను రేవునుండి సైకిలుపై బయలుదేరి, త్రోవలో నొక రాత్రి బసచేసి, అరువది మైళ్లకు పైగా తొక్కుకొని మరునాడు పాఠశాలకు చేరెను. ఇంత పట్టుదల గలవాడైనను ఉపాధ్యాయుల మెప్పును సులభముగా పొందలేకపోయెను. చేతివ్రాత బాగుండదు, కాగితము నిండ సిరా మరకలు, చెప్పిన పద్ధతిని విడిచి తన పద్ధతిని లెక్క చేయును. పదునాఱేండ్లకే ఐన్‌స్టీను గ్రంథమును చదివి గ్రహించిన యీ బాలునిగూర్చి ఉపాధ్యాయులు వ్రాసిన అభిప్రాయములలో మందలింపులే పెక్కు. ఇది చదువునపుడు ఉపాధ్యాయులమైన మాకు కొంత సిగ్గు కలిగినది. మేము దిద్దుచున్న పుస్తకములందు మేము ఎఱుగని దేమున్నదో యని యప్పటినుండి మరియొకసారి చూచుచున్నాము.

ఆ పాఠశాలలో క్రిస్టఫర్ మార్కమ్ అను పై తరగతి విద్యార్థితో ఆలనునకు గాఢమైన స్నేహము కలిగెను. ఇరువురును కలిసి గణితమును, రసాయనశాస్త్రమును, నక్షత్రములను గూర్చి ముచ్చటించుకొనెడివారు. మార్కమ్ చిన్ననాడు త్రాగిన పాలవలన సంక్రమించిన క్షయరోగముచే 1930 సం॥ ఫిబ్రవరి నెలలో అకాలమరణము నొందెను. ఆలను దుఃఖమునకు మేరలేకపోయెను. ఆయన చాలకాలము మార్కమ్ తల్లికి ఉత్తరములు వ్రాయుచుండెను. తన స్నేహితుడు చేయవలసియుండిన పనిని గూడ తానే చేసి తీరవలెనని సంకల్పించుకొనెను. మనస్సు దేహమున నెట్లు నిలిచియున్నదను విచారము నాటినుండి ఆయనను విడువలేదు.

1931 సం॥న ఆయన కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి, 1935 సం॥న ఇరువదిరెండేండ్ల వయస్సుననే ఫెలోగా నెన్నుకొనబడెను. ఏదేని గణితవాక్యము నిరూపింపదగినదా కాదా యని ఒక నియతమైన పద్ధతిచే తేల్చుట సాధ్యమా యను ప్రశ్న ఆ దినములలో గణితవేత్తలను బాధించుచుండెను. నాడు కంప్యూటరు అను మాటకు లెక్కలు వేయు మనుష్యు డనియే యర్థము. ట్యూరింగు ఆ మనుష్యుడు చేయు పనిని విడదీసి చూచెను. వాడు కాగితముపై నొక గుర్తును చూచును. దానికి తగిన నియమమును పట్టికయందు వెదకును. గుర్తును చెరిపి వేఱొకటి వ్రాయును. ప్రక్క గడికి పోవును. ఇంతకు మించినది లేదు. ఈ పనిని గడులుగల పొడుగైన పట్టీయు, ఒక నియమముల పట్టికయు గల యంత్రము గూడ చేయగలదు. 1936 సం॥న వ్రాసిన వ్యాసమున ఆయన ఇట్టి యంత్రమును ఊహించి, ఎట్టి యంత్రమునకును సాధ్యముకాని ప్రశ్నలు కలవని నిరూపించెను.

ఆ వ్యాసమందే మరియొక గొప్ప సంగతి యుండెను. ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్ర మక్కఱలేదు. ఒక యంత్రపు పట్టికనే పట్టీపై వ్రాసి వేఱొక యంత్రమునకు అందించినచో, ఆ రెండవది మొదటిదానివలెనే నడచును. ఇట్లు ఏ యంత్రముగానైనను నడువగల ఒకే యంత్రమును నిర్మింపవచ్చును. నేతపనివారి జకార్డు మగ్గమును చూచినవారికి ఈ భావము కొంత సులభముగా బోధపడును. మగ్గ మొక్కటియే, రంధ్రములుగల అట్టలను మార్చిన అంచున హంసలు పోయి మామిడిపిందెలు వచ్చును. కాని మగ్గము ఎన్ని అట్టలు మార్చినను బట్టనే నేయును. ట్యూరింగు ఊహించిన యంత్రమన్ననో అట్టల మార్పుచే మగ్గమే మరియొక యంత్రమగును. మన కంప్యూటరు గదిలో ఆ బాలిక యడిగిన ప్రశ్నకు సమాధాన మిదియే. పాత యంత్రమునకు చేరవలసిన ఇనుమును కఱ్ఱయు నిచట లేవు. దాని నియమములు మాత్రము వచ్చినవి. అవి చాలును.

1939 సం॥ సెప్టెంబరు నెలలో యుద్ధ మారంభమైన మరునాడే ఆయన బ్లెచ్లీ పార్కు అను రహస్యస్థానమునకు పోయెను. జర్మను సైన్యములవారు తమ వార్తలను ఎనిగ్మా అను యంత్రముచే మరుగుపరచి పంపుచుండిరి. చూచుటకు అది చిన్న టైపుయంత్రమువలె నుండును. ఒక అక్షరపు మీటను నొక్కిన వేఱొక అక్షరముక్రింద దీపము వెలుగును. నల్లబల్లపై మేము వ్రాసిన పట్టిక మేము మార్చువరకు మారదు. ఎనిగ్మాయందు చక్రములు తిరుగుటచే ప్రతి మీటకును పట్టిక మారుచుండును. దానికి తోడు ముందుపలకపై తీగలతో అక్షరములను జంటజంటలుగా తారుమారు చేయుదురు. పోలండుదేశపు గణితవేత్తలు 1932 సం॥ననే దీని మర్మమును కొంత భేదించి, యుద్ధమునకు ముందు ఆ జ్ఞానమును ఆంగ్లేయులకు ఫ్రెంచివారికి దానము చేసిరి. ఆ యంత్రమున ఏ అక్షరమును తనకు తానే ప్రతినిధిగా రాదను లోపమొకటి కలదు. ఈ లోపము ఊహించిన మాటలు వార్తలో నెచ్చట నుండదగునో నిర్ణయించుటకు తోడ్పడెను. అట్టి మాటలను ఆధారముగా గొని తప్పు పట్టికలను త్రోసివేయు బాంబ్ అను యంత్రమును ట్యూరింగు రూపకల్పన చేసెను. గోర్డను వెల్చ్‌మన్ దానిని మెఱుగుపరచెను. 1940 సం॥ మార్చి నుండి అవి పని చేయసాగెను. జర్మను నౌకాదళపు రహస్యభాషను భేదించు విభాగమునకు ట్యూరింగే నాయకుడు. ఆ పనివలన ఆహారమును మోసికొని వచ్చు నోడలు పెక్కు శత్రువుల జలాంతర్గాములనుండి తప్పించుకొనెను. 1946 సం॥న ప్రభుత్వమువా రాయనకు ఓ.బి.ఇ. బిరుదు నిచ్చిరి గాని, చేసిన పని యేమో 1970 దశకము వరకు లోకమునకు తెలియనే లేదు.

యుద్ధానంతరము ఆయన లండను చెంతనున్న జాతీయ భౌతిక ప్రయోగశాలలో తాను ఊహించిన యంత్రమును నిజముగా నిర్మించుటకు ప్రణాళిక వ్రాసెను. పని ఆలస్యమగుటచే విసిగి 1948 సం॥న మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు పోయెను. ఈ దినములలో ఆయన దూరపుపరుగున గొప్ప పేరు పొందెను. 1947 సం॥న మారథాను పరుగును 2 గంటల 46 నిమిషములలో ముగించెను.

1948 సం॥న ఆయన తన మిత్రుడైన డేవిడ్ ఛాంపర్నౌనుతో కలిసి చదరంగ మాడుటకు నియమావళి నొకదానిని సిద్ధపరచెను. దానిని నడుపదగిన యంత్రము నాటికి లేదు. 1952 సం॥న ఆయన కాగితమును కలమును చేత గొని, తానే యంత్రమై, నియమములను ఒక్కొక్కటిగా అనుసరించుచు అలిక్ గ్లెన్నీ అను వానితో నాడెను. ఒక్కొక్క ఎత్తునకు సుమారు అరగంట పట్టెను. ఇరువదితొమ్మిదవ ఎత్తున ఆ నియమావళి ఓడిపోయెను. నియమము చెప్పినది తప్పెత్తని యెఱిగియు ఆయన దానిని దాటి యాడరాదు. నేడు కంప్యూటరు పాత యాటలను అనుకరించుచున్నది. నాడు మనుష్యుడు ఇంకను పుట్టని కంప్యూటరును అనుకరించెను.

ఇక చెప్పవలసినది దుఃఖకరమైనది. బాలబాలికలు చదువు పత్రికయందు దీనిని వ్రాయుట తగునా యని మేము చాల ఆలోచించితిమి. విడిచిన యెడల ఆయనకు మరియొకసారి అన్యాయము చేసినవారమగుదుమని తోచి వ్రాయుచున్నాము. పురుషుడు పురుషునితో దేహసంబంధము కలిగియుండుట నాటి ఇంగ్లండుదేశపు చట్టమున నేరముగా నుండెను. 1952 సం॥న తన యింట జరిగిన దొంగతనమును గూర్చి ట్యూరింగు పోలీసువారికి తెలుపగా, విచారణలో అట్టి సంబంధము తనకు గలదను సంగతి బయల్పడెను. ఆయన దానిని దాచలేదు. న్యాయస్థానమువారు చెరసాలకు మారుగా, ఒక సంవత్సరము శరీరప్రకృతిని మార్చు మందులను పుచ్చుకొనుట కంగీకరింపవలెనని విధించిరి. ఆయన అంగీకరించెను. ఆ మందులచే దేహము మారెను. ప్రభుత్వపు రహస్యకార్యములలో ఆయనకు ప్రవేశము లేకపోయెను. అయినను పనిని మానక, జీవుల దేహములందు చారలును మచ్చలును ఎట్లు ఏర్పడునో గణితముచే వివరింప బూనెను. 1954 సం॥ జూన్ 7వ తేదీన, నలువదిరెండేండ్లు నిండక మునుపే, సయనైడు విషముచే మరణించెను. ఆత్మహత్యయని విచారణాధికారి తీర్పు చెప్పెను. రసాయనముల పరిశోధనలో జరిగిన ప్రమాదమని తల్లి కడవరకు నమ్మెను.

2009 సం॥న బ్రిటిషు ప్రధానమంత్రి గోర్డను బ్రౌను ప్రభుత్వపక్షమున క్షమాపణము చెప్పెను. 2013 సం॥ డిసెంబరు నెలలో ఎలిజబెత్ రాణి ఆయన శిక్షను మన్నించెను. 2021 సం॥న ఆయన పుట్టినరోజున ఆయన ముఖచిత్రముగల ఏబది పౌనుల నోటు వెలువడెను. మన దేశమునందు 1860 సం॥ నుండి యుండిన అట్టి చట్టమును, వయస్సు వచ్చినవారి పరస్పర సమ్మతిగల సంబంధములకు వర్తింపదని సుప్రీముకోర్టువారు 2018 సం॥ సెప్టెంబరు 6వ తేదీన తీర్పు చెప్పిరి.

ఆయన భావము మాత్రము నానాదేశములకు వ్యాపించెను. 1964 సం॥న ఐ.బి.ఎం. సంస్థవారు ప్రకటించిన క్రొత్త యంత్రములు తమ పాత యంత్రముల ప్రోగ్రాములను గూడ నడుపునట్లు చేయబడినవి. 1984 సం॥న భారతప్రభుత్వమువారు ‘క్లాస్’ అను ప్రణాళికచే కొన్ని వందల పాఠశాలలకు బి.బి.సి. మైక్రో అను కంప్యూటరులను పంపిరి. ఆ యంత్రపు ఆటలలో పెక్కింటియందు జెడ్ మీట ఎడమకును, ఎక్స్ మీట కుడికిని, రెండుచుక్కల మీట పైకిని, ఏటవాలుగీత మీట క్రిందికిని వాడుట ఆచారము. అవి మూలపడినను బీబెమ్ అను ఎమ్యులేటరుచే ఆ ప్రోగ్రాములు నేటి యంత్రములందు నడచుచున్నవి. అందు పట్టికలు రెండు విధములు. అక్షరమునుబట్టి మీటలను పొందించునది యొకటి. స్థానమునుబట్టి పొందించునది మరియొకటి. పాత యంత్రమున రెండుచుక్కలకు ప్రత్యేకమైన మీట యుండెను. నేటి కీబోర్డున షిఫ్టు మీటను గూడ నొక్కవలెను. కావున వ్రాతపనికి మొదటిదియు, ఆటలకు రెండవదియు అనుకూలములు. ట్యూరింగు పేర 1966 సం॥ నుండి కంప్యూటరు శాస్త్రజ్ఞులకు ఏటేట ఒక బహుమానము నిచ్చుచున్నారు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున జన్మించిన మన తెలుగువారు రాజ్ రెడ్డిగారు 1994 సం॥న ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌గారితో కలిసి దానిని పొందిరి. తండ్రి ఉద్యోగము చేసిన తెలుగునేలకు కుమారుని పేరు ఈ రీతిగా మరల వచ్చినది.

విద్యార్థులారా! మరుసటి శనివారమున కంప్యూటరు గదిలో జరిగినదానిని చెప్పి ముగింతుము. గోడ ప్రక్కన నిలిచిన బాలుని మేము పిలిచితిమి. తనకు కుడిచేయి పనిచేయదు గనుక ఆడలేనని వాడు చెప్పెను. అప్పుడు ఆ బాలికయే ట్యాబు మీటను నొక్కి పట్టికను తెరపైకి దెచ్చెను. పైకి డబ్ల్యు, క్రిందికి ఎస్, ఎడమకు ఎ, కుడికి డి అను మీటలను నియమించెను. మొదటి బొత్తామును ఎడమ బొటనవ్రేలి క్రిందికి వచ్చునట్లు స్పేసు మీటకు మార్చెను. పని రెండు నిమిషములలో ముగిసెను. ఆ దినమున అందరికంటె ఎక్కువ అంకెలు సంపాదించినది ఆ బాలుడే.

చేతికి తగినట్లు పట్టికను మార్చుట కష్టము కాదని మన పిల్లలు తెలిసికొనిరి. ఆ పట్టికల శాస్త్రమును లోకమునకు నేర్పిన మహాశయుని విషయమున, ఆయన దేశమువారు పట్టికను మార్చుటకు మారుగా మనుష్యుని మార్చ జూచిరి. మీరు పెద్దవారై నియమములు వ్రాయు స్థానమునకు వచ్చినపుడు, ఆ కంప్యూటరు గదిని, ఎడమచేతితో నాడిన ఆ బాలుని జ్ఞాపకముంచుకొందురు గాక.